మొహానికో మాట

కొమురయ్యకు ఇంగ్లీషులో మనిషిని తక్కువ చేసే మాటలు నూటికి పైగా వచ్చు. మెచ్చుకునే మాటలు కూడా నేర్చుకున్నాడు గానీ, వాటికి తగిన మొహాలు దొరక్క మరిచిపోయాడు. ఎందుకంటే అతను మాటను మాటగా నేర్చుకోలేదు, ఎవరిదో ఒక మొహంతో కలిపి నేర్చుకున్నాడు. ఆ పద్ధతి ఎవరూ నేర్పింది కాదు, సొంత తెలివి. సొంత తెలివి కాబట్టి దాని మీద మమకారం కూడా ఎక్కువే.

రుద్రారం అవతల ఒక ఊళ్లో పదో తరగతి దాకా తెలుగులో చదివి, పందొమ్మిదో ఏట కాజీపల్లిలో ఒక మందుల కంపెనీకి హెల్పర్‌గా వచ్చాడు. డ్రమ్ములు దొర్లించాడు, పౌడరు మోశాడు, ఎనిమిదేళ్లకు ఆపరేటరయ్యాడు, అక్కడే ఆగిపోయాడు. ఏటా డిగ్రీలు చేతబట్టుకుని కొత్త పిల్లలు వచ్చేవారు. కొమురయ్య దగ్గరే పని నేర్చుకుని, ఆర్నెల్లు తిరక్కుండా కొమురయ్యకే పని చెప్పేవారు. అది అందరికీ జరిగేదే అని అతనూ ఓర్చుకున్నాడు. ఓర్చుకోలేకపోయింది మాత్రం ఆడిట్‌ను.

విదేశాల నుంచి తనిఖీకి మనుషులు వస్తున్నారంటే కంపెనీ పెళ్లివారిల్లయ్యేది. గోడలకు రంగులు, నేలకు పాలిష్, గేటు దగ్గర కుండీల్లో పూలు. ఇంగ్లీషు రాని పాత ఆపరేటర్లను మాత్రం ఆ మూడు రోజులూ మందు తయారయ్యే రియాక్టర్ల దగ్గర ఉండనిచ్చేవారు కాదు. వచ్చిన పెద్దమనుషులు ఏదైనా అడిగితే నోరు వెళ్లబెడతారని, వెనక గోదాములో ఖాళీ డ్రమ్ముల మధ్య కూర్చోబెట్టేవారు. అన్నం ప్యాకెట్లు అక్కడికే వచ్చేవి. పేకాడేవాళ్లు పేకాడుకున్నారు, నిద్రపోయేవాళ్లు నిద్రపోయారు. కొమురయ్య ఒక్కడే గోడవైపు తిరిగి కూర్చున్నాడు. తను పన్నెండేళ్లు నడిపిన రియాక్టర్ పక్కన నిన్నగాక మొన్న వచ్చిన పిల్లగాడు నిలబడి అంతా తనే చేస్తున్నట్టు చెప్పుకుంటుంటే, తను పాత సామానులా గోదాములో పడి ఉండటం అతనికి చాలా అవమానమనిపించింది. అది న్యాయమైన మంటే. ఎవరికైనా మండుతుంది.

ఆ వారమే రుద్రారంలో తుక్కు బండి దగ్గర పుస్తకం కొన్నాడు. అక్కడి యూనివర్సిటీ పిల్లలు హాస్టళ్లు ఖాళీ చేసేటప్పుడు పుస్తకాలు కిలోల లెక్కన అమ్మేస్తారు. ఇది పెద్ద పరీక్షలకు కూర్చునేవాళ్లు చదివే కష్టమైన మాటల పుస్తకం. మాట, దాని అర్థం, అదే అర్థమిచ్చే మరి రెండు మాటలు, కింద ఒక వాక్యం. టి అక్షరం తర్వాత పుటలు ఎలుకలు తిన్నాయి. టి దాకా వస్తే చాలు, మన కంపెనీకి అంతకన్నా ఎక్కువ అక్కర్లేదని కొమురయ్య సరిపెట్టుకున్నాడు.

మొదట్లో ఒక్క మాటా నిలవలేదు. పొద్దున నేర్చింది కంపెనీ బస్సు ఎక్కేసరికి పోయేది. అప్పుడు దొరికింది అతనికి ఆ ఉపాయం. గార్యులస్ అంటే వదరుబోతు అని ఉంటే, ఇస్నాపూర్‌లో తమ పక్కవాటాలో ఉండే ఎంకమ్మను తలచుకున్నాడు. ఇక ఆ మాట చచ్చినా పోలేదు. పార్సిమోనియస్ అంటే పిసినారి, అది ఇంటి ఓనరు. అబ్‌ట్యూస్ అంటే మందబుద్ధి, అది భార్య రాజవ్వ. ఆ సంగతి రాజవ్వకు చెప్పాడు కూడా. ఆమె వంట చేస్తూ నవ్వి ఊరుకుంది. మొగుడు ఇంగ్లీషులో తిట్టినా గౌరవంగానే వినబడిందేమో మరి.

అన్నిటికన్నా ఎక్కువ మాటలు పడింది చిన్నరాములు మీద. చిన్నరాములు రాజవ్వ తమ్ముడు. తల్లి పోయినప్పుడు వాడికి ఆరేళ్లు, రాజవ్వే ఎత్తుకుని పెంచింది. పెద్దయ్యాక బావే తన కంపెనీలో కాంట్రాక్టు మీద పెట్టించాడు. ఇద్దరిదీ ఒకటే బ్లాకు, ఒకటే బస్సు, పక్కపక్క సీట్లు. ఎదురుగా ఎప్పుడూ కనబడే మొహం అదే, పైగా ఏం అంటించినా నవ్వే మొహం. ఇండొలెంట్, బద్ధకస్తుడు, చిన్నరాములు. నెగ్లిజెంట్, పట్టింపులేనివాడు, చిన్నరాములు. రికాల్సిట్రంట్, ఎంత చెప్పినా విననివాడు, మళ్లీ చిన్నరాములే. ఇవాళ నా మీద ఏం పెట్టినవు బావా అని వాడే అడిగేవాడు. చెబితే బస్సంతా వినబడేలా నవ్వి, ఆ మాటను వంకరటింకరగా తిరిగి అనేవాడు. నిజానికి వాడు బద్ధకస్తుడూ కాదు, పట్టింపులేనివాడూ కాదు. పంపు మీద చెయ్యి పెట్టి దాని రోగం చెప్పగలిగినవాడు ఆ బ్లాకులో వాడొక్కడే. కానీ మాట గుర్తుండాలంటే నిజంతో పనేముంది, మొహం ఉంటే చాలు.

రెండేళ్లు గడిచాయి. కొమురయ్య నాలుక కింద మాటలు ఊరడం మొదలైంది. రియాక్టర్ కడిగాక రిజిస్టర్‌లో శుభ్రం చేశాం అని రెండు ముక్కలు రాసే చోట, నాలుగు వరుసల ఇంగ్లీషు రాసి కింద సంతకం చేశాడు. అది క్వాలిటీ మేనేజర్ చంద్రకాంత్ కంటబడింది. ఆయన ఆ పుటను గదిలో అందరికీ చదివి వినిపించి, కళ్లల్లో నీళ్లొచ్చేలా నవ్వాడు. తలుపు దగ్గర నిలబడ్డ కొమురయ్య ఆ నవ్వును మెప్పనుకున్నాడు. ఆనాటి నుంచి కంపెనీలో అతని పేరు డిక్షనరీ. ఆ పేరుకు కూడా పొంగిపోయాడు. అల్పుడికి ఐశ్వర్యం వస్తే అర్ధరాత్రి గొడుగు పట్టమన్నాడట, ఇతను పట్టపగలే పట్టమన్నాడు.

అయితే ఆ నవ్వు వల్ల ఒక మేలు జరిగింది. రికార్డుల గదిలో ఒక స్టాఫ్ ఉద్యోగం ఖాళీ అయితే, డిక్షనరీ పేరు కూడా పైకి పంపుతానని చంద్రకాంత్ అన్నాడు. కుర్చీ, ఫ్యాను, తెల్ల కోటు. అన్నిటికన్నా ముఖ్యం, ఆడిట్ రోజున గోదాములోకి కాకుండా గదిలోకి పోవడం. కొమురయ్యకు నిద్రలో కూడా అదే ధ్యాస. అతను ఈ లోకంలో కోరుకున్నది అదొక్కటే, అది అన్యాయమైన కోరికేమీ కాదు.

ఆ రోజుల్లోనే బ్లాకులో కాస్టిక్ పైపు జాయింటు కారడం మొదలైంది. కాస్టిక్ అంటే చర్మాన్ని సబ్బులా కరిగించే నీళ్లు. చిన్నరాములు మూడు రోజులు వరుసగా చెప్పాడు, లీక్ ఉంది సార్, జాయింటు మధ్య బిళ్ల, గ్యాస్కెట్ మార్చాలి అని. సరుకు ఆర్డరు పోయేదాకా బ్లాకు ఆపలేమని, జాయింటుకు గుడ్డ చుట్టి కింద డబ్బా పెట్టించారు. ఆ డబ్బాను రెండుసార్లు ఎత్తి పారబోసింది కొమురయ్యే. గ్లౌజులు చిరిగిపోయాయంటే స్టోరువాళ్లు సోమవారం రమ్మన్నారు. శుక్రవారం పొద్దున పదకొండు గంటలకు జాయింటు ఊడింది. మరిగే కాస్టిక్ చిన్నరాములు రెండు చేతుల మీదా పడింది. పక్కనే ఉన్న కొమురయ్య షవరు కిందికి ఈడ్చుకుపోయి నీళ్లు పోశాడు. ఆ కాసేపూ అతని నోట ఇంగ్లీషు రాలేదు. ఏడ్చాడు కూడా, దాచడమెందుకు.

మర్నాడు చంద్రకాంత్ పిలిపించాడు. కూర్చోమన్నాడు. ఇరవై రెండేళ్లలో ఆ గదిలో కొమురయ్య కూర్చోవడం అదే మొదలు. ప్రమాదం జరిగితే దెబ్బ తగిలినవాడి వాంగ్మూలం ఇంగ్లీషులో రాసి పెట్టుకోవడం కంపెనీ పద్ధతి. వాడు తెలుగులో చెబుతాడు, తెలిసినవాడు రాస్తాడు, చదివి వినిపించి తెలుగులో అర్థం చెప్పాను అని కింద సంతకం చేస్తాడు. వాడి తప్పు లేదని తేలితే, కూర్చుని చేసే పని ఏదో ఒకటిచ్చి జీవితాంతం ఉంచుకుంటారు. తప్పు వాడిదేనని తేలితే గేటు మూసేస్తారు. ఇదంతా కొమురయ్యకు తెలుసు. సొంత మనిషివి కాబట్టి నువ్వే రాయమని చంద్రకాంత్ మెల్లగా చెప్పాడు.

"లీక్ అనే మాట కాగితం మీద రావద్దు. మెయింటెనెన్స్ రిజిస్టర్‌ల లేదు గది. వచ్చిందంటె ఆడిట్‌ల బ్లాకు బంద్ చేపిస్తరు, నలభై మంది రోడ్డు మీద పడ్తరు. నువ్వు రాసే తీరు చూసి నీ ఫైలు పైకి పంపుత."

కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం అని జాలిపడేవాళ్లు పడండి. నేను పడను. బయటికి వచ్చాక బాత్రూములో మొహం కడుక్కుని, అద్దంలో చూసుకుని, ఏ మాటలు వాడాలా అని కొమురయ్య ఆలోచించడం మొదలుపెట్టాడు. అతని కష్టమల్లా అదే.

పటాన్‌చెరులో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చిన్నరాములు మోచేతుల దాకా కట్లతో పడుకుని ఉన్నాడు. పక్కన భార్య మల్లవ్వ గ్లాసుతో నీళ్లు పడుతోంది. బావను చూడగానే వాడి మొహం విప్పారింది. ఎవరో తెలియని ఆఫీసరు వస్తాడనుకుంటే బావే వచ్చాడు. జరిగిందంతా చెప్పాడు. మూడు రోజుల నుంచి చెబుతున్న సంగతి, గుడ్డ సంగతి, డబ్బా సంగతి, సోమవారం సంగతి. కొమురయ్య తల ఊపుతూ రాసుకుపోయాడు. ఇక్కడే ఆ మాయదారి పద్ధతి పనికొచ్చింది. మామూలుగా మాట కోసం వెతుక్కునేవాడు, ఆ రోజు వెతుక్కోలేదు. చిన్నరాములు మొహం వంక చూస్తే చాలు, రెండేళ్ల నుంచి ఆ మొహానికి అంటించిన మాటలన్నీ ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. నేను నెగ్లిజెంట్‌గా ఉన్నాను. పైవాళ్ల ఆదేశాల పట్ల రికాల్సిట్రంట్‌గా ప్రవర్తించాను. గ్లౌజులు డెలిబరేట్‌గా వేసుకోలేదు. చిన్నరాములు తన నోటితో తానే చెప్పుకున్నట్టు, ఒక్క కొట్టివేత లేకుండా రెండు పుటలు నిండాయి. అంత చక్కని ఇంగ్లీషు కొమురయ్య అంతకు ముందు రాయలేదు, ఆ తర్వాతా రాయలేదు.

"లీక్ సంగతి రాసినవా బావా?" అని అడిగాడు చిన్నరాములు.

"అన్ని రాసిన. నువ్వు పరేషాన్ కాకు."

చదివి వినిపించమని వాడు అడగలేదు. బావ రాసింది చదివించుకోవడమేమిటి. సంతకానికి చేతులు లేవు, వేలిముద్రకు వేళ్లు కట్లల్లో ఉన్నాయి. అలాంటప్పుడు ఎడమకాలి బొటనవేలు ముద్ర తీసుకుంటారు. కొమురయ్య మంచం చివర వంగి, బామ్మర్ది కాలు చేత్తో పట్టుకుని, వేలికి సిరా పూసి కాగితానికి అద్దాడు. పెద్దోనివి, నా కాలు పట్టుకుంటవేంది బావా అని చిన్నరాములు ఇబ్బందిపడి కాలు ముడుచుకోబోయాడు. తర్వాత మల్లవ్వ తడిగుడ్డతో ఆ సిరా తుడిచింది. కొమురయ్య కింద రాశాడు, చదివి వినిపించి తెలుగులో అర్థం చెప్పాను అని. సంతకం చేసి తేదీ వేశాడు.

చదవేస్తే ఉన్న మతి పోయిందంటారు. కొమురయ్యకు మతి పోలేదు, అది బాగానే పనిచేసింది. నెల తిరక్కుండా తెల్ల కోటు వచ్చింది. రికార్డుల గదిలో కిటికీ పక్క కుర్చీ వచ్చింది. తర్వాతి ఆడిట్‌కు నీలం కళ్ల దొర ఒకాయన ఏదో ఫైలు అడిగితే, కొమురయ్య లేచి ఇచ్చి, ఆయన థాంక్యూ అంటే తనూ ఒక పొడుగు వాక్యం అన్నాడు. ఆ పూట వెనక గోదాములో పన్నెండు మంది డ్రమ్ముల మధ్య అన్నం ప్యాకెట్లు విప్పుకుంటున్నారు. అతనికి వాళ్లు గుర్తొచ్చారు. గుర్తొచ్చి, తను అక్కడ లేనందుకు సంతోషించాడు.

చిన్నరాములు చేతులు మానేసరికి మూడు నెలలు పట్టింది. కుడిచేతి వేళ్లు నాలుగూ ఒకదానికొకటి అతుక్కుపోయాయి. ఎడమచేతికి బొటనవేలు, చూపుడువేలు మాత్రం కదులుతాయి. డాక్టరు ఇక ఇంతే అన్నాడు. కూర్చుని చేసే పని అడుగుదామని మల్లవ్వను తోడు తీసుకుని కాజీపల్లికి పోతే, గేటు దగ్గర సెక్యూరిటీవాళ్లు ఒక కవరు చేతిలో పెట్టారు. పని నుంచి తీసేసినట్టు ఉత్తరం, దాని వెనక కాలిముద్ర ఉన్న రెండు పుటల నకలు. లోపలున్న బావకు ఫోను చేస్తే, మీటింగులో ఉన్నానని పెట్టేశాడు. అప్పటికీ చిన్నరాములు బావనేమీ అనుకోలేదు. పెద్ద ఉద్యోగం, తీరిక ఉండదు అని మల్లవ్వతో అన్నాడు.

మల్లవ్వ ఆ కాగితాలు పట్టుకుని సంగారెడ్డిలో కార్మికుల ఆఫీసుకు పోయింది. అక్కడి క్లర్కు ఒకావిడ చదివి, మొదట అడిగిన మాట, నీ భర్త ఇంత ఇంగ్లీషు ఎక్కడ చదివాడమ్మా అని. ఏడో తరగతి అంది మల్లవ్వ. క్లర్కు ఎర్ర పెన్నుతో కొన్ని మాటల కింద గీతలు గీసి, ఒక్కొక్కదానికీ తెలుగులో చెప్పింది. కేసు వేయవచ్చు, కానీ మీ ఆయన మాటే మీ ఆయనకు అడ్డం అని కూడా చెప్పింది. కింద సంతకం ఎవరిదని మల్లవ్వ అడగాల్సిన పని లేకపోయింది.

ఆదివారం పొద్దున ఇద్దరూ ఇస్నాపూర్ వచ్చారు. తమ్ముడు వచ్చాడని రాజవ్వ కోడికూర వండింది. కంచం పెట్టి, వాడి చేతులు చూసి, తనే అన్నం కలిపి ముద్దలు పెట్టసాగింది. కొమురయ్య కుర్చీలో కూర్చుని ఉన్నాడు. మల్లవ్వ తినలేదు. కవరులోంచి కాగితాలు తీసి అతని ముందు పరిచి, ఎర్ర గీతల మీద వేలు పెట్టింది.

"అన్నా, గీ మాటలకు అర్థం చెప్పు. ఆఫీసుల ఆమె చెప్పింది గని, రాసినోని నోట వినాలని వచ్చిన."

అతను అబద్ధం చెప్పవచ్చు. ఆమెకు చదువు రాదు, ఆ క్లర్కుకు తెలియదని బుకాయించవచ్చు. కానీ ఆ రెండేళ్లలో మాట ఎవరడిగినా అర్థం చెప్పకుండా ఉండలేని జబ్బు పట్టుకుంది అతనికి. నెగ్లిజెంట్ అంటే పట్టింపులేనివాడు అన్నాడు. ఆమె వేలు జరిపింది. డెలిబరేట్‌గా అంటే కావాలని. ఆమె వేలు మళ్లీ జరిపింది. రికాల్సిట్రంట్ అంటే ఎంత చెప్పినా విననోడు, మొండి. ఆబ్‌స్టినేట్ అన్నా అదే అర్థం అని, ఆమె అడగని మాట కూడా ఒకటి చెప్పాడు. చెప్పాక తన గొంతు తనకే వినబడి ఆగిపోయాడు.

నలభై మంది సంగతి ఎత్తుకున్నాడు. బ్లాకు మూతపడేదని, అందరూ రోడ్డున పడేవారని, తనకు ఇంకో దారి లేకపోయిందని. నలభై మందిలో మేం లేమా అని మల్లవ్వ అడిగింది. దానికి అతను ఏదో చెప్పబోతుంటే రాజవ్వ తలెత్తకుండానే అంది.

"గీ మాటలు నాకు ఎరుకే. రెండేండ్ల సంది గీ ఇంట్లనే వింటున్న. నా తమ్మునికి పెడ్తుంటె నేను గూడ నవ్విన."

ముద్ద ఆమె చేతిలోంచి కంచంలో జారింది. మళ్లీ కలిపింది. కొమురయ్యకు లేచి బయటికి పోవాలనిపించింది, కానీ గుమ్మానికి అడ్డంగా చిన్నరాములు కూర్చుని ఉన్నాడు. వాడు నోట్లో ముద్ద నమిలి మింగేదాకా ఆగాడు. కోపంగా లేడు. అదే కొమురయ్యకు భరించరానిదిగా ఉంది. తిడితే బాగుండుననిపించింది.

"నీకు మాట యాదికి రాలేదేమో అనుకున్న బావా," అన్నాడు చిన్నరాములు. "మస్తు మాటలు నేర్చినవ్ గద, అన్ని కల్సిపోయినయేమో అనుకున్న. గా దినం దవఖాన్ల నేను నిన్ను అడిగింది ఒక్క మాట గురించే. లీక్. గది ఇంగ్లీషే గద బావా. గంత ఇంగ్లీషు నాకు గూడ వచ్చు."